స్వల్ప నష్టం

రాత్రి పదకొండుకి నా పని మొదలు.
పొటోమాక్ మీద మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు
బస్సు కిటికీ దాకా వచ్చేది ఆ చలికాలం.
ఆర్లింగ్టన్‌లో దిగి, కాపలావాడికి నా ఫొటో చూపించి,
కిటికీల్లేని గదిలో
రేడియేటర్ మీద చేతి తొడుగులు ఆరేసుకునేదాన్ని.

ఒక అసలు, నాలుగు నకళ్ళు.
నేల, సముద్రం, గాలి,
కొరియా నుంచి ఎప్పుడూ అదే వరస.
నేల కింద కొండలు.
ఆ కొండలకి పేర్లుండవు, ఎత్తులుంటాయి.
సముద్రం కింద వోన్సాన్ రేవు,
మందుపాతరలు ఏరే చిన్న పడవలు, పేల్చిన గుళ్ళ లెక్క.
గాలి కింద ఒక రైలు వంతెన.
మావాళ్ళు పగలు కూల్చేవాళ్ళు,
వాళ్ళు రాత్రికి రాత్రే కట్టేవాళ్ళు,
ఆ ఫిబ్రవరిలో తొమ్మిదిసార్లు "ధ్వంసమైంది" అని కొట్టాను.
తొమ్మిదోసారికి ఆ వంతెనతో నాకు
చుట్టరికం లాంటిదేదో కలిసింది.

అక్కడ మాకంటే పద్నాలుగు గంటలు ముందు.
రేపటి ఉదయం అప్పటికే అయిపోయి
నా బల్ల మీద కాగితమై పడి ఉండేది.

సార్జెంట్ టాల్‌మాడ్జ్ అనేవాడు:
"అంకె తప్పితే దిద్దుకోవచ్చు,
విశేషణం మాత్రం తప్పకూడదు."
మాకున్న విశేషణాలు మూడే. స్వల్ప, ఒక మోస్తరు, భారీ.
ఎంతమంది దాకా స్వల్పం?
ఒకసారి అడిగాను.
ఆయన పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయాడు.
అప్పటికే అది బాగా మొనదేలి ఉంది.

తెల్లారి గదికొస్తే
ఇంటావిడ ఒర్ఫా లిండ్‌క్విస్ట్
పొయ్యి మీద ఓట్స్ జావ కలుపుతూ,
వెనక్కి తిరక్కుండానే,
"ఏమైనా ఉందా?" అనేది.
నోరు మెదపనని సంతకం పెట్టినదాన్ని.
"మామూలే" అనేదాన్ని.
ఆ మాట చాలు ఆవిడకి,
నా గిన్నెలో ఇంకో చెంచా చక్కెర పడేది.
అబద్ధమూ కాదు. కాగితంలోనూ అంతే ఉండేది:
మార్పు లేదు.

కొడుకు పేరు ఎల్డన్. అతన్ని నేనెప్పుడూ చూడలేదు,
అతని మంచం మీద పడుకునేదాన్ని.
బీరువా తలుపు వెనక పెన్సిలు గీతలు:
ఏడేళ్ళప్పుడు ఇంత, పదకొండేళ్ళప్పుడు ఇంత.
అతనికీ ఎత్తులుండేవి.

మార్చి ఆరు, మధ్యాహ్నం. నేను నిద్రలో ఉన్నాను.
కింద ఏదో గిన్నె పడింది.
చాలాసేపు దాన్నెవరూ తియ్యలేదు.

టెలిగ్రాంలో ఫిబ్రవరి ఇరవై రెండు, ఉదయం అని ఉంది.
లెక్క నాకు అలవాటే,
పద్నాలుగు గంటలు వెనక్కి తోశాను.
ఇరవై ఒకటి సాయంత్రం నేను
బస్సు కోసం మేజోళ్ళు వెతుక్కుంటున్నాను.
ఆ రాత్రి రిబ్బన్ మార్చాను, గుర్తుంది,
వేళ్ళకి సిరా అంటిందని విసుక్కున్నాను.
ఆ వేళ్ళతోనే:
ఒక గస్తీ దళం. శత్రువు తారసపడ్డాడు. స్వల్ప నష్టం.
తెల్లారి జావ తాగి,
మామూలే అన్నాను.

వాడేసిన కార్బన్ కాగితాలు కాల్చే వంతు ఆ వారం నాది.
కాల్చబోతూ ఒకదాన్ని బల్బుకి అడ్డంగా పట్టుకున్నాను.
వారాల తరబడి ఒకే కాగితం,
ఒక రాత్రి మీద ఇంకో రాత్రి,
కొండ మీద పడవ, పడవ మీద వంతెన,
అతని రాత్రి ఏదో ఎంత చూసినా విడదీయలేకపోయాను.
టాల్‌మాడ్జ్ తలుపు దగ్గర నిలబడ్డాడు.
పొయ్యిలో వేశాను.

మర్నాడు ఒర్ఫా మళ్ళీ అడిగింది.
అలవాటుకి అడిగిందో, ఎందుకడిగిందో.
గరిటె తిప్పుతూ, వెనక్కి తిరక్కుండా,
"ఏమైనా ఉందా?"

నా సంతకం గుర్తొచ్చింది.
"ఒక వంతెన కూలింది," అన్నాను.
గరిటె ఆగింది.
"రాత్రికి కట్టేస్తారు."